ఏడో కుర్చీకి ఐదుగురు

బూరుగుమడుగు
14-6-1990

ఖాలాకు,

బూరుగుమడుగు సర్కారు దవాఖానలోని టీకాల ఫ్రిజ్‌కు ఏకైక సంరక్షకుడును, నీ చెల్లెలికి ఏకైక కుమారుడును అగు తాజుద్దీన్ సలాం చేసి విన్నవించుకునేది ఏమనగా, నేను బాగున్నాను. కిరాయి లేకుండా నేనుంటున్న నీ ఇల్లు బాగుంది. దాని పెంకుల మీది కోతులు మా ఇద్దరికన్నా బాగున్నాయి.

హుజూర్‌నగర్‌లో, మా అక్క, అనగా నీ కూతురి ఇంట్లో, నీకు పొద్దుపోవడం లేదని అమ్మీ రాసింది. అందుకని ఒక చిక్కుముడి పంపుతున్నాను. ఇరవై రెండేళ్లు ఇదే దవాఖానలో నర్సమ్మగా చేసినదానివి, విప్పి పంపు.

రెండేళ్లు డి.ఫార్మసీ చదివించి సర్కారు నన్ను ఈ ఫ్రిజ్‌కిచ్చి పెళ్లి చేసింది. నువ్వున్నప్పుడు ఇది లేదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి దీని జ్వరం చూసి పుస్తకంలో ఎక్కించాలి. రెండు డిగ్రీల కిందికి దిగకూడదు, ఎనిమిది దాటకూడదు. ఈ మండలంలో ఇంత శ్రద్ధగా జ్వరం చూపించుకునే ప్రాణి మరొకటి లేదు. మొన్న మండలాధ్యక్షులవారి ఇంట్లో విందు అయితే, చల్లబెట్టమని రెండు డజన్ల సోడాలు పంపారు. పిల్లల మందు పక్కన సోడా పెట్టనన్నాను. అప్పటినుంచి నాకు పొగరు అనే కొత్త జబ్బు ఉన్నట్టు ఊళ్లో చెప్పుకుంటున్నారు.

చిక్కు ఏమిటంటే, ఇక్కడ నర్సుల పోస్టులు రెండు. ఒకటి ఏడాదిగా ఖాళీ. రెండో ఆమె కాన్పు సెలవులో ఉంది. డాక్టరుగారికి రెండు దవాఖానలు అప్పజెప్పారు. బుధవారం, అంటే టీకాల రోజున, ఆయన అవతలి ఊళ్లో ఉంటారు. కాబట్టి బుధవారం నాడు ఇక్కడ మందు ఉంటుంది, సూదులుంటాయి, పిల్లలుంటారు, నేనుంటాను. పొడిచే చెయ్యి ఉండదు. నిన్న పదిహేడు మంది తల్లులు ఎండనబడి వచ్చి తిరిగిపోయారు. ఒకామె నన్ను కిందినుంచి పైదాకా చూసి, "మందు నీ తాన్నే ఉండె, చేతులు రెండుండె, ఇంకేం తక్కువైంది సారూ?" అని అడిగింది. రూలు తక్కువైందని ఎట్లా చెప్పను? పక్క తండాలో ఇద్దరు పిల్లలకు తట్టు పోసింది. నాకు నవ్వులాట తగ్గుతోంది ఖాలా.

నాకు నేర్పించి టీకాలు వేయనివ్వమని అర్జీ పెట్టుకున్నాను. అది దవాఖాన సలహా సంఘం ముందుకు వెళ్లింది. సంఘంలో ఏడు కుర్చీలు. ఆరుగురున్నారు. ముగ్గురు సరేనన్నారు. ముగ్గురు, "కంపౌండరు సూది పొడిస్తె రేపు ఊడ్చెటోడు ఆపరేషన్ చేస్తడు" అన్నారు. ఏడో కుర్చీ పాత పట్వారీది. ఆయన ఉగాదికి కాలం చేశారు. ఇప్పుడు ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటే వారి మాటే నా తలరాత. మండలాధ్యక్షులవారు ఒక చీటీ మీద పేరు రాసి పైకి పంపుతారు, అది సంతకమై తిరిగొస్తుంది. ఇక్కడి పద్ధతి అది. పేరు కూడా సిద్ధంగా ఉంది: వారి బామ్మర్ది బుచ్చయ్య. వైద్యరంగంలో ఆయన అనుభవం, ఒకసారి అపెండిక్స్ తీయించుకోవడం.

సూది పొడవడం అంత పెద్ద విద్యా ఖాలా? ఉన్నదున్నట్టు రాయి.

నీ ఇంటి కోతుల ప్రతినిధి,
తాజు

*

హుజూర్‌నగర్
22-6-1990

తాజూకు దువా.

ఉత్తరం అందింది. నవ్విన. మోకాళ్లు అట్లనే ఉన్నయి.

సూది పొడవడం ఒక పూటల నేర్పిస్త. పొడవగూడని పిల్లగాన్ని గుర్తుపట్టడం నేర్చుకోవడానికి నాకు రెండేండ్లు పట్టింది. ఈ సవాళ్లకు జవాబు రాయి. పిల్లను తల్లి ఒళ్లె ఎట్ల పట్టించాలె? తొడల ఏ జాగా? పోయినసారి టీకా వేసినప్పుడు ఫిట్స్ వచ్చినయా అని ఎవరిని అడుగుతవ్, తల్లినా, తోలుకొచ్చిన మేనత్తనా? టీకా వేసినంక ఎంతసేపు కూసోబెడతవ్, ఎందుకు? పిల్ల తెల్లబడి మెడ వాల్చేస్తె ముందు ఏం చేస్తవ్? పుస్తకం చూడకుండ రాయి. పుస్తకం చూసి రాస్తె నాకు తెలుస్తది.

కుర్చీ సంగతి. ఆ ఊర్ల పది ఇండ్లోళ్లు కలిసి యాటను కోసుకుంటె ఏం చేస్తరో నువ్వు చూసే ఉంటవ్. పది పోగులు పెడతరు. ఒక్కొక్కరు ఒక్కో గుర్తు ఇస్తరు, ఒకరు పుల్ల, ఒకరు చింతగింజ, ఒకరు గాజుముక్క. ఏది ఎవరిదో తెల్వనోని చేతుల పెట్టి ఒక్కో పోగు మీద ఒక్కోటి వేయిస్తరు. పోగులు పెట్టినోడు మాత్రం గుర్తు వేయడు. మిగిలింది తీసుకుంటడు. అందుకే ఏ పోగుల బొక్కలెక్కువ, ఏ పోగుల మాంసం ఎక్కువ అని తగువు రాదు. కిలో మాంసానికి ఇంత జాగ్రత్త ఉన్నోళ్లు, పిల్లల దవాఖాన కుర్చీకి చీటీ మీద బామ్మర్ది పేరు రాస్తరా? అడుగు పోయి.

వర్షాలు పడితె వెనుక గోడ చూసుకో.

ఖాలా
ఇక్బాల్ బీ

*

బూరుగుమడుగు
5-7-1990

ప్రశ్నాపత్రం తయారుచేయుటలో దిట్ట అగు ఖాలాకు,

నీ అయిదు ప్రశ్నలకు జవాబులు వెనుక పేజీలో ఉన్నాయి. నాలుగోదానికి పుస్తకం చూశాను. ఒప్పుకుంటున్నాను కాబట్టి సగం మార్కులు వేయి.

ఇక చారిత్రక సంఘటన. పోయిన సోమవారం నీ పోగుల సంగతి సంఘంలో చెప్పాను. నాకు మాట్లాడే హక్కు లేదు. ఫ్రిజ్ పుస్తకం మీద సంతకం కోసం వెళ్లి, సంతకం అయ్యేలోపు చెప్పేశాను. అందరూ నవ్వారు. నవ్వి ఊరుకుంటారనుకున్నాను. కానీ, వద్దన్న ముగ్గురిలో ఒక పెద్దాయన గడ్డం గీరుకుంటూ, "యాట కాడ నడిచే ధర్మం ఈడెందుకు నడ్వది?" అన్నాడు. మిగతావాళ్లు తలలూపారు. అధ్యక్షులవారు కూడా సరేనన్నారు. ఎవరూ దరఖాస్తు పెట్టరని వారి ధీమా అనుకుంటాను.

గోడకు కాగితం అంటించాం. కుర్చీ కావలసినవారు తమకేం తెలుసో రాసివ్వాలి. ఐదుగురు రాసిచ్చారు! బుచ్చయ్య. పాత పోస్ట్‌మాన్ నర్సింహ. ఒక ఎరువుల దుకాణం ఆసామి. నాలుగోది నువ్వు నమ్మవు, గుర్వమ్మ. నీకు తెలిసే ఉంటుంది. ప్రతి బుధవారం దవాఖాన అరుగు మీద కూర్చుని, వచ్చే తల్లులను "సూది వద్దు, ఇంటికి పోండ్రి" అని తిప్పి పంపే మనిషి. ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తోందట. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పరు. నాకు ఆమె మీద కోపం కన్నా కుతూహలం ఎక్కువ. బడి పెద్దసారు ఇస్రాయేలు చేత రాయించి వేలిముద్ర వేసింది. ఆమెకు కుర్చీ దొరికితే నా అర్జీకి జనాజా నమాజు చదివి పాతిపెట్టడమే.

అయిదోది అత్యంత అనుభవజ్ఞులైన ఒకరిది. వివరాలు వెల్లడించుటకు నాకు అధికారం లేదు.

ఇకపోతే, సాధన మొదలుపెట్టాను. ఇప్పటికి నలభై రెండు సూదులు పొడిచాను. ఒక్కరూ ఏడవలేదు. గురి కూడా కుదిరింది.

సలాం,
తాజు

(మడత మీద) కాగితం అయిపోయింది. పొడిచింది బత్తాయిలను. మీ నల్లగొండ జిల్లావే, కొత్తకోట సంతలో కొన్నాను. మంచినీళ్లు ఎక్కించి, తర్వాత తినేస్తున్నాను.

*

కార్డు
హుజూర్‌నగర్, 10-7-1990

తాజూ,

సూది కింద పెట్టు. రెండో మాట లేదు. నలభై రెండు మంది పిల్లల పేర్లు, ఏ ఊరు, ఏ తారీఖు, ఏ మందు, రాసి పంపు. పిల్లలు ఏడవలేదంటె భయపడాలె, మురవడం కాదు. నీకు ఎవరు పర్మిషన్ ఇచ్చిన్రు? మీ అమ్మీకి ఇంకా చెప్పలేదు.

ఇంకోటి. మీ సంఘం నుంచి నాకు కాగితం వచ్చింది. నా దరఖాస్తు అందిందట, వయసు రుజువు పంపాల్నట. నేను దరఖాస్తు ఎప్పుడు పెట్టిన?

ఇక్బాల్ బీ

*

బూరుగుమడుగు
14-7-1990

ఖాలాకు ముద్దాయి తాజుద్దీన్ సలాం.

నీ కార్డును పోస్ట్‌మాన్ చదివి, మల్లన్న చదివి, చివరికి నాకిచ్చారు. మల్లన్న మా అటెండరు; కార్డు ఇస్తూ ఒక అడుగు వెనక్కి వేశాడు. నలభై రెండూ బత్తాయిలు ఖాలా! మడత మీద రాశాను. నువ్వు కత్తెరతో విప్పావు, మడత చిరిగిపోయింది, అంతే కదా? అక్క చేత ఆ ముక్క వెతికించు. ఒక్క పిల్లను కూడా ముట్టుకోలేదు. బత్తాయి ఏడవదని నాకూ తెలుసు.

రెండో నేరం మాత్రం చేశాను. ఇంటి పన్ను పనులకని నువ్వు సంతకం చేసి ట్రంకుపెట్టెలో పెట్టిపోయిన తెల్లకాగితాలు మూడున్నాయి కదా, ఇప్పుడు రెండున్నాయి. ఓటరు జాబితాలో నీ పేరు ఇంకా ఇక్కడే ఉంది. ఇరవై రెండేళ్లు ఈ దవాఖానలో చేసిన మనిషికి మించి ఆ కుర్చీకి ఎవరు తగుదురు? నీకు చెబితే వద్దంటావని చెప్పలేదు. వద్దంటావని తెలిసి చేయడాన్ని చట్టంలో ఏమంటారో నాకు తెలియదు, మన ఇంట్లో ఏమంటారో తెలుసు. కానీ నిజం చెప్పు, ఆ కాగితం చూసి లోపల కొంచెం సంతోషపడలేదూ? వయసు రుజువు పంపించు.

పని అచ్చం నువ్వు చెప్పినట్టే జరుగుతోంది. పేర్లు తీసేసి, ఐదు దరఖాస్తులనూ ఒకే రకం కాగితం మీద, ఒకే చేతిరాతతో ఎత్తి రాయమన్నారు. పేరు ఉండవలసిన చోట ఒక్కో గుర్తు. ఒకటి చింతగింజ, ఒకటి గుండీ, ఒకటి వేపపుల్ల, ఒకటి గాజుముక్క, ఒకటి సైకిల్ బోల్టు. ఎత్తి రాసే గౌరవం ఎవరికి దక్కిందనుకుంటున్నావు? దవాఖానలో ముత్యాల్లాంటి రాత నాదొక్కడిదే. నీది ఒకటిన్నర పేజీ వచ్చింది. వరదలో తెప్ప మీద వెళ్లి కాన్పు చేసిన సంగతి కూడా కలిపాను. చదివితే నాకే కళ్లు చెమర్చాయి. బుచ్చయ్యది అపెండిక్స్‌తో సహా నాలుగు పంక్తులు. గుర్వమ్మది మూడు: ఆరుగురిని కన్నది, నలుగురున్నారు, దవాఖాన అరుగు మీద ఇరవై ఏళ్లు కూర్చున్నది. మిగతాదంతా తిట్లూ శాపనార్థాలూ, సంఘానికి అనవసరమని వదిలేశాను.

ఆగస్టు రెండున మీటింగు. తండాలో తట్టు ఇప్పుడు ఆరుగురికి.

పశ్చాత్తాపం కలిగీ కలగని,
తాజు

*

హుజూర్‌నగర్
21-7-1990

తాజూకు.

మడత ముక్క దొరికింది. బత్తాయి సంగతి సరే. బత్తాయికి తల్లి ఉండదు, అది గుర్తుపెట్టుకో.

సంతోషపడ్డ. అబద్ధం ఎందుకు? కాగితం మీద నా పేరు ముందు శ్రీమతి అని రాసి ఉంటె, రెండుసార్లు చదివిన. అందుకే ఇంకా కోపమొచ్చింది. నీ మీద సగం, నా మీద సగం.

పోగులు పెట్టినోడు గుర్తు వేయడని రాసిన. నువ్వు అన్నీ పాటించినవ్, ఆ ఒక్కటి తప్ప. పోగులు పెట్టింది నువ్వు. ఒకటిన్నర పేజీ పోగు మన ఇంటికి, బొక్కల పోగు గుర్వమ్మకు. ఆ మూడు పంక్తులు చదివి అందరు నవ్వుతరు, నా పేజీ చదివి దండం పెడతరు. చింతగింజ, గుండీ దేనికి మరి, ఆటకా?

ఇస్రాయేలు సారు దగ్గరికి పో. గుర్వమ్మ ఏం చెప్పి రాయించిందో మొత్తం అడిగి చదువు. నేను ఇక్కడ్నుంచే చెప్త, అండ్ల నా పేరు ఉంటది.

డెబ్బై ఒకటిల, వానకాలం. గుర్వమ్మ రెండేండ్ల కొడుకును ఎత్తుకొచ్చింది, అంజయ్య. ఒళ్లు పెనం లెక్క కాలుతుండె. అప్పటి డాక్టరు తొందరల ఉన్నడు, తొడకు జరం సూది వేయమని రాసిచ్చి పోయిండు. ఆ ఏడు చుట్టు ఊర్లల్ల పిల్లలకు పోలియోతోని కాళ్లు పడిపోతున్నయని మాకు తెలుసు. అట్లాంటప్పుడు జరం మీద సూది పొడవొద్దని మాకు ట్రైనింగ్‌ల చెప్పిన్రు. నేను డాక్టరు కాగితం చూసిన, పిల్లగాన్ని చూసిన, పొడిచిన. నాలుగో రోజుకు ఆ కాలు పడిపోయింది. సూదితోనే పోయిందో, ఎట్లాగైనా పోయేదో ఎవరు చెప్పలేరు. గుర్వమ్మ మాత్రం అరుగు మీద కూసున్నది. నేను రిటైరైన దాక లోపల నేను, బయట ఆమె. ఒక్క మాట మాట్లాడుకోలేదు.

అది టీకా కాదు, జరం సూది; ఆమె టీకా మీద తప్పు చెప్తది. టీకాలు లేకుంటె ఇంకెంతమంది అంజయ్యలో. ఆమెకు అది నేను చెప్పాల్సి ఉండె. చెప్పలేదు.

దీంతోపాటు నా దరఖాస్తు వాపసు కాగితం పెట్టిన. ఈసారి సంతకం పైన ఉన్నది కూడ నేనే రాసిన. మీటింగుల ఇచ్చేసి, నువ్వు ఎత్తి రాసిన కాగితాలు చింపించు. ఇస్రాయేలు సారు కుర్చీ అడగలేదు, ఆయన చేత మళ్ల రాయించు. నీ అర్జీ పోతె పోనీ.

ఇక్బాల్ బీ

*

బూరుగుమడుగు
3-8-1990

ఖాలాకు,

నీ ఉత్తరం వచ్చిన నాటినుంచి వారం పైగా జోకులు వేయలేదు. మల్లన్న నాకు ఒంట్లో బాగాలేదనుకుని మాత్రలు ఇవ్వబోయాడు, నా అలమారాలోవే.

ఇస్రాయేలు సారు దగ్గర గుర్వమ్మ దరఖాస్తును ఈసారి మొదటి తిట్టు దగ్గర ఆగకుండా మొత్తం చదివాను. రెండు పేజీలు. నువ్వన్నట్టే నీ పేరు ఉంది. తిట్లు నాలుగే. మిగతాదంతా లెక్క: ఏ బుధవారం నర్సు రాలేదు, ఏ ఏడు మందు అయిపోయింది, ఎవరి పిల్లకు గడ్డ అయింది, ఎవరిని అడగకుండానే పొడిచారు. ఇరవై ఏళ్లది. ఒక్క అక్షరం రాని మనిషి. నేను అరుగు మీద చూసిందల్లా ఒక ముసలమ్మనే.

నిన్న మీటింగులో నీ కాగితం ఇచ్చి, నిలబడి అంతా చెప్పేశాను: తెల్లకాగితం సంగతి, ఒకటిన్నర పేజీ సంగతి, మూడు పంక్తుల సంగతి. ఉద్యోగం పోతుందనుకున్నాను. అధ్యక్షులవారు ఫ్యాన్‌కేసి చూసి, "పోరడు వాళ్ల ఖాలానే వాపస్ తీసిండు. ఇగ నేను నా బామ్మర్దిని ఏ మొకం పెట్టుకోని నిలవెట్టాలె?" అన్నారు. అయినా నిలబెట్టారనుకో. ఇస్రాయేలు సారు అక్కడే కూర్చుని నాలుగూ తిరిగి ఎత్తి రాశారు, గంటన్నర పట్టింది. పేర్లు లేకుండా చదివారు. అపెండిక్స్ వారు మొదటే పోయారు, తర్వాత ఎరువుల వారు. పోస్ట్‌మాన్ నర్సింహకు ముగ్గురు, గుర్వమ్మకు ముగ్గురు. ఇక పోగుల ధర్మమే మిగిలింది. మల్లన్నను బయటినుంచి పిలిచి, రెండు మడతపెట్టిన కాగితాల మీద రెండు గుర్తులు వేయమన్నారు. ఒక కాగితం లోపల సున్నా ఉంది, ఒకదానిలో కుర్చీ బొమ్మ. కుర్చీ మీద గాజుముక్క పడింది. గాజుముక్క ఎవరిదో నీకు చెప్పనక్కర్లేదు.

పైనుంచి సంతకం వచ్చేలోపు కూర్చోబెట్టవచ్చన్నారు. పిలిపించారు. గుర్వమ్మ వచ్చి కుర్చీ తుడుచుకుని కూర్చుంది. మొదటి పని నా అర్జీయే. నన్ను నిలబెట్టింది.

"ఒళ్లు కాలే పోరన్ని తోల్కొస్తె ఏం జేస్తవ్?"

"పొడువనమ్మా. జరం తగ్గినంక రమ్మంట."

"తల్లి ఏడ్సి కాళ్లు మొక్కుతె?"

"అయినా పొడువ."

"డాక్టరు పొడువుమంటె?"

ఖాలా, డాక్టరుగారు నా ఎదురుగానే ఉన్నారు. నా సెలవులు, నా రిపోర్టు, నా బదిలీ అన్నీ ఆయన చేతిలో. జేబులోని పెన్ను తీసి మళ్లీ పెట్టుకున్నాను. గుర్వమ్మ తొందరపడలేదు. "జవాబు దొరికినంక రా బిడ్డా. గప్పటిదాక నేను చెయ్యెత్త, దించ" అంది.

అన్నీ నీ ప్రశ్నల్లో ఉన్నాయి, ఇదొక్కటే లేదు. దీనికి జవాబు ఏమిటి?

తాజు

*

కార్డు
హుజూర్‌నగర్, 11-8-1990

తాజూ,

ఆ సవాలు నాకు తెలుసు కాబట్టే రాయలేదు. జవాబు నా దగ్గర లేదు, డెబ్బై ఒకటిల కూడ లేకుండె. ఇరవై ఒకటో తారీఖు బస్సుకు వస్తున్న. స్టాండుకు రా, మోకాళ్లు సహకరించవు. గుర్వమ్మకు ముందే చెప్పు, దాచిపెట్టి తీసుకపోవద్దు.

ఇక్బాల్ బీ

*

బూరుగుమడుగు
1-9-1990

ఖాలాకు,

సంఘ తీర్మానములను మోసుకొచ్చు నీ దూత తాజుద్దీన్ సలాం. నువ్వు తిరుగు బస్సెక్కిన నాలుగో రోజు మీటింగు జరిగింది. ఈసారి నాకు పిలుపు ఉంది, ఫ్రిజ్ పుస్తకం మీద సంతకమనే సాకు అవసరం లేకపోయింది.

గుర్వమ్మ ముందుగా డాక్టరుగారిని ఒక మాట అడిగింది: "బుధారం నువ్వు గా ఊర్లె ఎందుకుండాలె సారూ? గక్కడి టీకాలు మంగళారం పెట్టుకోరాదా?" మూడు నెలలుగా ఆరుగురు పెద్దలు, ఒక డి.ఫార్మసీ, రెండు దవాఖానల డాక్టరు కలిసి ఆలోచించాం ఖాలా. ఒక్కరికీ తట్టలేదు. డాక్టరుగారు చెవులు ఎర్రబడి, పెట్టుకోవచ్చన్నారు. మొన్న బుధవారం ఆయనే వచ్చి ముప్పై ఒక్క మందికి టీకాలు వేశారు, తండా పిల్లలతో సహా. గుర్వమ్మ అరుగు మీదే ఉంది. ఊరికే ఎవరినీ తిప్పి పంపలేదు. ఎవరి ఒళ్లు కాలుతోందో చెయ్యి వేసి చూసి మరీ లోపలికి పంపింది. ఇద్దరిని ఇంటికి పంపింది, రెండు నిర్ణయాలూ సరైనవే.

తర్వాత నా అర్జీ. జవాబు తెచ్చావా అంది. నా ఒక్కడి దగ్గర జవాబు లేదని, సంఘం ఇస్తేనే ఉంటుందని చెప్పాను. ఆమె ఇస్రాయేలు సారు చేత రాయించి తెచ్చిన కాగితం తీసింది. ఒకటే వాక్యం. సూది పట్టిన మనిషి వద్దంటే, పొడవమని డాక్టరైనా బలవంతపెట్టకూడదు, అట్లా వద్దన్నందుకు శిక్ష ఉండకూడదు. దీనికి సంఘం ఒప్పుకుంటే చెయ్యెత్తుతానంది. డాక్టరుగారు కాగితం రెండుసార్లు చదివి, అందరికన్నా ముందు సంతకం పెట్టారు. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది, ఆయనకు చెప్పకు.

నలుగురు చేతులెత్తారు. నర్సమ్మ సెలవు నుంచి వచ్చాక ఆమె కళ్ల ముందు మూడు నెలలు నేర్చుకోవాలి, తర్వాత జిల్లా నుంచి అనుమతి రావాలి. వస్తుందో రాదో తెలియదు. ఈలోపు తల్లులను అడగవలసినవి అడిగి రాయడం, టీకా అయ్యాక అరగంట పిల్లలను కనిపెట్టుకుని ఉండడం నా పని. సూది లేని పనే ఎక్కువని ఇప్పుడు తెలుస్తోంది.

ఇన్ని చెప్పాను కదా, నాకొక్కటి చెప్పు. నువ్వొచ్చిన రోజు నువ్వూ గుర్వమ్మా మందుల గదిలో కూర్చున్నారు. చాయ్ తెమ్మని నన్ను పంపించావు. చాయ్ తెస్తే, ఇంకోసారి తెమ్మని పంపించావు. రెండోసారి వచ్చేసరికి ఇద్దరూ బయట నిలబడి, మీ అంజయ్య సైకిల్ షాపు ఎట్లా నడుస్తోందని మాట్లాడుకుంటున్నారు. ఆ అరగంటలో ఏం మాట్లాడుకున్నారు? ఆమెను అడిగితే "మీ ఖాలాను అడుగు" అంది. కుతూహలంతో చచ్చేట్టున్నాను. దీనికి ఏ ఫ్రిజ్‌లోనూ మందు లేదు.

తాజు

*

హుజూర్‌నగర్
9-9-1990

తాజూకు దువా.

ముప్పై ఒకటి మంచి లెక్క. తండా పిల్లలల్ల ఎవరికైనా గడ్డ అయిందేమో వారం దినాలకు పోయి చూడు. వాళ్లు వచ్చి చెప్పరు, నువ్వే పోవాలె.

ఏం మాట్లాడుకున్నమని అడిగినవ్. నేను చానా తయారై వచ్చిన. పోలియో అంటె ఇది, టీకా అంటె అది, డాక్టరు రాసిచ్చిండు, నేను చిన్న నర్సును, నాకు ఇద్దరు పిల్లలుండిరి, నౌకరీ పోతుండె. బస్సుల అన్నీ వరుసగ పెట్టుకున్న. ఒక్కటి చెప్పలేదు. ఆమె చెప్పనియ్యలేదు. కూసోగానే ఒకటే అడిగింది.

"గా దినం పొడువొద్దని నీకు ఎరుకేనా?"

"నొసలు మీద చెయ్యి పెట్టి చూసిన. ఎరుకే" అన్న.

ఆమె గోడ దిక్కు తిరిగింది. అప్పుడే నువ్వు మొదటి చాయ్ తెచ్చినవ్, అందుకే మళ్ల పంపిన. నువ్వు పోయినంక కొంగుతో మొకం తుడుచుకున్నది. "ఇరవై ఏండ్ల సంది అందరు తెల్వదనే చెప్పిన్రు. నేను పిచ్చిదాన్ననుకున్న" అన్నది. ఇగ లేచి, నన్ను రెక్క పట్టి లేపింది.

ఇంతే. ఇది ఇస్రాయేలు సారుకు చెప్పకు, మల్లన్నకు చెప్పకు.

ఇక్బాల్ బీ